సెకండ్ హ్యాండ్ సెయిలింగ్ యాట్ కొనేముందు చుక్కాని ఎట్ల చూడాల

మన కర్నూలు, అనంతపురం, కడప పిల్లోళ్ళు ఇప్పుడు షిప్పుల్లో, గల్ఫ్‌లో, గోవాలో శానామంది పనిచేస్తాండారు. వాళ్ళల్లో నలుగురైదుగురు కలిసి పాత సెయిలింగ్ యాట్ ఒకటి కొందామని అనుకుంటారు, ఫోటోలు పంపి "ఎట్లుందన్నా, తీసుకోవచ్చా" అని అడుగుతారు. ఆ ఫోటోల్లో ఏముంటాయంటే తెరచాపలు, ఇంజను, లోపల సోఫా, ఫ్రిజ్జు, సాయంత్రం ఎండలో డెక్కు మీద ఒక సెల్ఫీ. చుక్కాని, అంటే బోటు వెనక నీళ్ళలో ఉండి దాన్ని తిప్పే పలక, దాని ఫోటో మాత్రం ఒక్కటీ ఉండదు. తెరచాప చినిగితే కుట్టించుకోవచ్చు, ఇంజను ఆగితే గాలితో రావచ్చు, చుక్కాని పోతే మాత్రం నడిసముద్రంలో ఉండేది బోటు కాదు, తేలే డబ్బా. అందుకే అడిగినోళ్ళందరికీ ముక్కలు ముక్కలుగా చెప్పేది ఈసారి ఒకేచోట రాస్తాండా.

ఒక్క విషయం మొదట్నుంచీ గుర్తు పెట్టుకోండి. బోటు చేతికి తేలిగ్గా, చురుగ్గా తిరగాలని డిజైనరు చేసే ప్రతి మార్పూ యాడో ఒకచోట బలాన్ని అడుగుతాది. ఆ అడిగిన బలం కట్టినోడు పెట్టినాడా లేదా, పెట్టినా ఇన్నేళ్ళకి మిగిలిందా లేదా, మీరు కనుక్కోవాల్సింది ఇంతే.

మొదటి పని: నీళ్ళలో చేయి పెట్టి చూడండి

దీనికి సముద్రం దాకా పోవాల్సిన పనిలేదు. కేసీ కెనాల్‌కి నీళ్ళు వదిలినప్పుడు దాని కింద పిల్లకాలువల్లో పారకం బాగుంటాది కదా, అది చాలు. (ఆ కెనాల్ని 1860ల్లో తవ్వింది సాగుకి మాత్రమే కాదు, పడవలు నడపడానికి కూడా, కాబట్టి మన సీమకీ పడవకీ సంబంధం లేదని ఎవరన్నా అంటే నమ్మొద్దు.) మెయిన్ కెనాల్లోకి మాత్రం దిగొద్దండి, సిమెంట్ లైనింగ్‌కి పాచి పట్టి ఉంటాది, కాలు జారితే ఎక్కి రాలేరు. మోకాలి లోతు పిల్లకాలువ చూసుకోండి.

12 మిల్లీ ప్లైవుడ్ ముక్క తీసుకోండి, వెడల్పు 20 సెంటీమీటర్లు, పొడవు 30. దాని ముందు అంచుకి ఒక గట్టి కర్ర బిగించి నిలువుగా నీళ్ళలో ముంచి, కర్ర ఉండే అంచు పారకం వచ్చే దిక్కుకి ఉండేట్టు పట్టుకోండి. నేరుగా పెడితే ఏమీ తెలీదు. ఇప్పుడు కర్రని నిమ్మళంగా తిప్పండి, ఐదు డిగ్రీలు, పది డిగ్రీలు. చెక్క మిమ్మల్ని పక్కకి గుంజుతాది, వెనక్కి కాదు, పక్కకి. నీళ్ళు సెకనుకి ఒక మీటరు వేగంతో పోతాంటే ఆ గుంజుడు రెండు, రెండున్నర కేజీల దాకా ఉంటాది, ఇంత చిన్న ముక్కకి అది శానా ఎక్కువ. చుక్కాని పనిచేసేది ఇట్లనే, నీళ్ళని అడ్డం కొట్టి కాదు, విమానం రెక్క మాదిరే పక్కకి లిఫ్ట్ పుట్టించి.

ఇంకా తిప్పండి. 15 దాటి 20కి పోతాంటే యాడో ఒకచోట పక్కకి గుంజుడు పెరగడం ఆగిపోతాది, చెక్క వెనక సుడులు కనపడతాయి, ఇప్పుడు నీళ్ళు మిమ్మల్ని ఊరికే వెనక్కి నెడతాంటాయి. దీన్నే స్టాల్ అంటారు. చుక్కాని స్టాల్ అయిందంటే ఇక బోటుని తిప్పదు, బ్రేకు మాత్రం వేస్తాది.

తర్వాత కర్ర విప్పి ముందు అంచు నుంచి 4 సెంటీమీటర్లు వెనక బిగించండి, అంటే వెడల్పులో ఐదో వంతు. మళ్ళా అదే చేయండి. పక్కకి గుంజుడు అంతే ఉంటాది కానీ మణికట్టుకి మెలి దాదాపు మాయమైపోతాది, రెండు వేళ్ళతో తిప్పొచ్చు. ఎందుకంటే చిన్న కోణాల్లో నీటి ఒత్తిడంతా వెడల్పులో ముందు నుంచి సుమారు పావు వంతు దగ్గర పనిచేస్తాది, మీ కర్ర దానికి దగ్గరగా వచ్చింది. దీన్నే బ్యాలెన్స్ అంటారు. అత్యాశతో కర్రని సగానికి జరిపితే చెక్క చేతిలోంచి విదిలించుకుని అడ్డం తిరిగిపోతాది, అది కూడా ఒకసారి చేసి చూడండి, ఓవర్ బ్యాలెన్స్ చేసిన బోటు టిల్లర్ (చుక్కానిని తిప్పే చేతికర్ర) ఎట్ల కొడతాదో ఆ క్షణంలో తెలిసిపోతాది. మామూలుగా డిజైనర్లు 10 నుంచి 20 శాతం దగ్గర ఆగేది ఇందుకే.

ఓపిక ఉంటే ఆఖర్లో ముందు అంచుని ఆకురాయితో గుండ్రంగా, వెనక అంచుని పలచగా అరగదీయండి. స్టాల్ కొంచెం ఆలస్యంగా, తక్కువ మొండిగా వస్తాది. అసలు బోట్లలో నాకా (NACA) 0012 లాంటి సెక్షన్లు, అంటే రెక్క అడ్డకోత ఆకారాలు, వాడేది దీనికోసమే, అందులో చివరి రెండంకెలు మందం శాతం, అంటే వెడల్పులో 12 శాతం మందం, ఆ మందం ఎక్కువగా ఉండేది ముందు నుంచి 30 శాతం దగ్గర.

రెండో పని: ఏ రకం చుక్కానో గుర్తుపట్టండి

అమ్మేటోడు "స్ట్రాంగ్ బోటన్నా" అంటాడు. బోటు ఒడ్డున ఎక్కించి ఉన్నప్పుడు వెనకాల నిలబడి చూడండి, చుక్కానిని ఎన్నిచోట్ల పట్టుకున్నారు అని.

పాతకాలపు పొడుగు కీల్ (బోటు అడుగున నిలువుగా ఉండే బరువు రెక్క) బోట్లలో చుక్కాని కీల్ వెనక అంచుకే వేలాడతాంటాది, పైన, మధ్యలో, అడుగున మడమ దగ్గర కూడా పట్టు ఉంటాది. ఇంటి తలుపుకి మూడు బందులు కొట్టినట్టు. దుంగ తగిలినా ముందు కీల్‌కి తగులుతాది, వల తీగలు చిక్కవు. అందుకే ఒంటరిగా ప్రపంచం చుట్టే గోల్డెన్ గ్లోబ్ రేసులో పొడుగు కీల్, దాని వెనక అంచుకే చుక్కాని ఉండాలని రూలే పెట్టినారు. మన నేవీ మాజీ కమాండర్ అభిలాష్ టామీ 2022లో మొదలైన ఆ రేసుని 2023 ఏప్రిల్లో రెండో స్థానంలో ముగించింది అట్లాంటి రస్లర్ 36 బోటు మీదే. మరి అంత మంచిదైతే అందరూ అదే ఎందుకు కట్టరు? బ్యాలెన్స్ లేదు కాబట్టి చేతికి బరువు. బోటు మధ్యకి దగ్గరగా ఉంటాది కాబట్టి తిప్పే లీవరేజ్ తక్కువ. ఇక ఇంజను రివర్స్‌లో వేసి మెరీనాలో, అంటే యాట్లు కట్టేసే రేవులో, పార్కింగ్ చేయాలంటే దేవుడే దిక్కు, బోటు దానికి నచ్చిన దిక్కుకి పోతాది.

స్కెగ్ రకంలో చుక్కానికి ముందు హల్‌కి, అంటే బోటు ఒంటికి, అతికించిన ఒక కదలని రెక్క ఉంటాది, అడుగున బేరింగ్ దాని మీద కూర్చుంటాది. బోటు సూటిగా పోతాది, చుక్కానికి రక్షణ కూడా. అయితే స్కెగ్ ఉంది కాబట్టి బలమే అని గుడ్డిగా అనుకోవద్దు. స్కెగ్ హల్‌లోకి ఎంత లోతుగా, ఎన్ని పొరలతో కలిసిందన్నదే అసలు సంగతి. నాసిరకంగా అతికించిన స్కెగ్ ఊడితే తనతో పాటు చుక్కానిని కూడా తీసుకునే పోతాది. సగం స్కెగ్ రకాలు కూడా ఉన్నాయి, పైసగం స్కెగ్ వెనక, కిందిసగం ముందుకి పొడుచుకొచ్చి బ్యాలెన్స్ ఇస్తాది, నాకైతే దూరం పోయేటోళ్ళకి ఇది మంచి రాజీ అనిపిస్తాది.

స్పేడ్ రకం ఈ రోజుల్లో ఎక్కువ. హల్ కింద నుంచి ఒక్క రాడ్డు మీద, అంటే స్టాక్ మీద, బ్లేడ్ (చుక్కాని పలక) ఊరికే వేలాడతాంటాది, అడుగున పట్టు ఏమీ లేదు. సన్నగా లోతుగా ఉంటాది కాబట్టి తక్కువ కోణానికే ఎక్కువ లిఫ్ట్, బ్యాలెన్స్ ఉంటాది కాబట్టి రెండు వేళ్ళ పని, రివర్స్‌లో కూడా మాట వింటాది. ఒకసారి మంచి స్పేడ్ బోటు నడిపితే మళ్ళా పొడుగు కీల్ ఎక్కాలంటే విసుగొస్తాది, ఇది నిజం. కానీ భారం మొత్తం ఆ ఒక్క స్టాక్‌దే. 2020 నుంచి స్పెయిన్, పోర్చుగల్ తీరంలో ఓర్కా తిమింగలాలు సెయిలింగ్ బోట్ల చుక్కానుల మీద పడతాండాయని వార్తల్లో చూసే ఉంటారు, అంత బరువుండే జంతువు పక్కనుంచి నెట్టిందంటే ఊరికే వేలాడే బ్లేడ్‌కి ఆసరా ఏముంటాది.

చిన్న బోట్లలో చుక్కాని వెనక గోడకే బయట తగిలించి ఉంటాది, పింటిల్, గడ్జన్ అనే పిన్ను, కన్నం జతల మీద. కంటికి కనపడతాది, చేతికి అందుతాది, పీకి రిపేరు చేసుకోవచ్చు. నీటి పైభాగంలో గాలి పీల్చుకుని పట్టు వదిలేసే అవకాశం ఉంది, అదొక్కటే దాని తలనొప్పి. ఈ రకం చేత్తో పట్టి చూడాలంటే హైదరాబాద్ హుస్సేన్ సాగర్లో ఆప్టిమిస్ట్, లేజర్ బోట్లు ఉన్నాయి, కర్నూలు నుంచి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి ఆడ ఉంటారు. పెద్ద బోటు కొనేముందు ఆ చిన్నదాని మీద నేర్చుకున్నోడికి చుక్కాని భాష తొందరగా వస్తాది.

వెనక బాగా వెడల్పుండే కొత్త బోట్లకి రెండు చుక్కానులు పెడతాండారు. బోటు ఒరిగినప్పుడు మధ్యలో ఒక్కటే ఉంటే దాని పైభాగం నీళ్ళ నుంచి లేచిపోతాది, రెండుంటే కిందికి ఒరిగిన వైపుది నిటారుగా లోతులో ఉంటాది. బదులుగా పోగొట్టుకునేది మెరీనాలో, ఇంజను ఫ్యాను (ప్రొపెల్లర్) నెట్టే నీళ్ళు నేరుగా చుక్కాని మీద పడవు కాబట్టి నిదానంగా పోయేటప్పుడు తిరగదు. పైగా కీల్ చాటున ఉండవు, దుంగలు నేరుగా వచ్చి తగలొచ్చు.

మూడో పని: పేపరు పెన్ను తీసుకోండి

లెక్కలంటే భయపడొద్దండి, లేత్ షాపులో షాఫ్టు సైజు మాట్లాడుకున్నంత ఈజీ. నేను సుమారు 36 అడుగుల స్పేడ్ బోటుని మనసులో పెట్టుకుని రాస్తాండా, మీ బోటు కొలతలు మీరు వేసుకోండి.

బ్లేడ్ లోతు 1.35 మీటర్లు, సగటు వెడల్పు 37 సెంటీమీటర్లు అనుకోండి, ఏరియా అర చదరపు మీటరు. బోటు వేగం సెకనుకి 4 మీటర్లు, అంటే దాదాపు 8 నాట్స్, అల దిగేటప్పుడు మామూలే. ఉప్పునీటి సాంద్రత 1025. సగం గుణించు సాంద్రత గుణించు వేగం వర్గం గుణించు ఏరియా, లిఫ్ట్ కోఎఫిషియంట్ (కోణాన్ని, ఆకారాన్ని బట్టి మారే అంకె) 1 అనుకుంటే 4100 న్యూటన్లు వస్తాది. అంటే నాలుగు క్వింటాళ్ళ పైన బరువు పక్కనుంచి నెడతాంది. అదే బోటు సగం వేగంలో పోతాంటే ఇది పావు వంతుకి, ఒక క్వింటాకి పడిపోతాది. వేగం వర్గంలో పెరుగుతాది కాబట్టి మెల్లగా పోయినప్పుడు బాగానే ఉన్న చుక్కాని తుఫాన్లో విరగడం వింతేం కాదు.

ఈ బలం బ్లేడ్ మధ్యలో, కింది బేరింగ్‌కి సుమారు 60 సెంటీమీటర్ల కింద పనిచేస్తాది. 4100 గుణించు 0.6, వంచే మొమెంట్ 2460 న్యూటన్ మీటర్లు. ఇది మొత్తం ఎక్కువగా పడేది స్టాక్ హల్‌లోంచి బయటికొచ్చే ఆ ఒక్క చోట. మెలిపెట్టే బలం దీంతో పోలిస్తే శానా తక్కువ, ఎందుకంటే బ్యాలెన్స్ పెట్టి దాన్ని తగ్గించినాం కదా. అంటే మీ చేతికి టిల్లర్ ఎంత తేలిగ్గా ఉన్నా స్టాక్ అడుగున రెండున్నర వేల న్యూటన్ మీటర్లు మోస్తానే ఉంటాది, మీకు తెలీదు. ఈ తెలీకపోవడమే స్పేడ్‌లో ఉండే అపాయం.

60 మిల్లీ గట్టి రౌండ్ రాడ్డు అయితే దానిమీద స్ట్రెస్ సుమారు 116 మెగాపాస్కల్స్. 316 స్టెయిన్‌లెస్ వంగిపోయే హద్దు సుమారు 205. పర్లేదు, జాగా ఉంది. అదే ఎవడో 50 మిల్లీ రాడ్డు పెట్టినాడనుకోండి, స్ట్రెస్ 200 అయిపోతాది, హద్దు మీద కూర్చున్నట్టే. పది మిల్లీ తగ్గితే బలంలో 42 శాతం పోతాది, వ్యాసం మూడు సార్లు గుణించుకుంటాది కాబట్టి. ఫోటోలో ఈ పది మిల్లీ తేడా ఎవరికీ కనపడదు, వెర్నియర్ కాలిపర్ తీసుకుపోండి.

అట్లయితే ఇంకా లావు పెడితే పోలా అంటారేమో. పెట్టాలంటే బ్లేడ్‌లో పట్టాల కదా! బ్లేడ్ పైభాగం వెడల్పు 45 సెంటీమీటర్లు, 12 శాతం మందం అంటే 54 మిల్లీనే, 60 రాడ్డు దూరదు. 15 శాతం పెడితే 67 మిల్లీ, స్టాక్ ఉండే చోట కొంచెం తగ్గి 64 దాకా, అప్పుడు రెండువైపులా రెండేసి మిల్లీ ఫైబర్ చర్మంతో సరిగ్గా పడతాది. కాబట్టి బలం కావాలంటే మందం పెరగాల, మందం పెరిగితే నీటి ఈడ్పు కొంచెం పెరుగుతాది, బదులుగా స్టాల్ ఆలస్యమవుతాది. రేసు బోట్లు సన్నగా లోతుగా ఉండాలని కార్బన్ ఫైబర్ స్టాక్‌కి పోయేది ఇందుకే. 1979 ఫాస్ట్‌నెట్ రేసు తుఫాన్లో, 303 బోట్లు బయల్దేరి 15 మంది సెయిలర్లు చనిపోయిన ఆ రేసులో, అప్పటి కొత్త కార్బన్ చుక్కానులు కొన్ని బోట్లలో విరిగినాయి. కార్బన్ చెడ్డదని కాదు, ఇప్పుడు బాగా కడతాండారు, సన్నగా తేలిగ్గా చేసే దాంట్లో లెక్క తప్పితే క్షమించేది ఉండదు అంతే. గొట్టం కూడా మంచిదే, 60 మిల్లీ బయటి వ్యాసం, 8 మిల్లీ గోడ ఉండే పైపు బరువు గట్టి రాడ్డులో సగం కూడా ఉండదు, బలం మాత్రం 71 శాతం ఉంటాది.

బేరింగుల మధ్య దూరం కూడా కొలవండి. పై బేరింగ్, కింది బేరింగ్ మధ్య 60 సెంటీమీటర్లు ఉంటే కింది బేరింగ్ మీద 8200 న్యూటన్లు పడతాది, అదే 30 సెంటీమీటర్లే ఉంటే 12300. పై బేరింగ్ డెక్కు దాకా పోయిన బోటు, కాక్‌పిట్ (నడిపేటోళ్ళు కూర్చునే గుంట) కింద పొట్టిగా ముగించిన బోటు, ఈ రెండిట్లో ఏది ఎక్కువ రోజులు గట్టిగా ఉంటాదో చెప్పక్కర్లేదు. పద్ధతి ప్రకారం లెక్క కావాలంటే చిన్న బోట్ల చుక్కానులకే ఐఎస్ఓ 12215-8 అని స్టాండర్డ్ ఉంది, సర్వేయర్‌ని దాని ప్రకారం చూడమనండి.

నాలుగో పని: బోటు కింద కూర్చోవడం

చెన్నైలో చూస్తారో గోవాలో చూస్తారో, బోటుని నీళ్ళలోంచి బయటికి తీయించకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. తీసిన రోజే పోండి, పెయింట్ కొట్టి ఆరబెట్టిన తర్వాత కాదు.

ముందు బ్లేడ్ అడుగు అంచుని రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ, పక్కలకీ ఊపండి. టక్ మని కొద్దిగా వినపడితే పర్లేదు, అడుగున సెంటీమీటరు దాకా ఊగుతాందంటే బేరింగులు అరిగినాయి. తర్వాత ఒక కొస నుంచి ఇంకో కొసకి తిప్పండి, మామూలుగా ఒక్కోవైపు 35 డిగ్రీల దగ్గర స్టాపులు ఉంటాయి. మధ్యలో యాడన్నా బిగుసుకుంటే స్టాక్ వంగి ఉండొచ్చు, లేదా నైలాన్ బుష్ నీళ్ళు తాగి ఉబ్బి ఉండొచ్చు. బుష్ అయితే చిన్న ఖర్చే, స్టాక్ అయితే ధర మళ్ళా మాట్లాడాల్సిందే.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన టెస్ట్. మీ ఫ్రెండుని పైన టిల్లర్ లేదా స్టాక్ తలని కదలకుండా గట్టిగా పట్టుకోమనండి, స్టీరింగ్ వీల్ ఉన్న బోటైతే ఎమర్జెన్సీ టిల్లర్ తగిలించి దాన్ని పట్టుకోమనండి, ఆ టిల్లర్ నిజంగా సరిపోతాదా లేదా కూడా అప్పుడే తేలిపోతాది. మీరు కింద బ్లేడ్ వెనక అంచు పట్టుకుని మెలి తిప్పండి. స్టాక్ కదలకుండా బ్లేడ్ ఒక్కటే కొంచెమన్నా తిరిగిందంటే లోపల స్టాక్‌కి వెల్డింగ్ చేసిన పలకలు విరిగిపోయినాయని అర్థం. బ్లేడ్ లోపల ఏముంటాదంటే స్టాక్, దానికి దువ్వెన పళ్ళ మాదిరి వెల్డ్ చేసిన స్టీలు పలకలు, చుట్టూ ఫోమ్, పైన రెండు ఫైబర్ పెంకులు. బయట ఎంత తళతళలాడినా లోపల ఆ వెల్డింగులు పోతే స్టాక్ తిరుగుతాది, బ్లేడ్ తిరగదు.

ఆ వెల్డింగులు పోవడానికి కారణం తుప్పే. స్టెయిన్‌లెస్‌కి తుప్పేంటి అనుకోవద్దు. గాలి తగిలినంత సేపే దానిమీద రక్షణ పొర నిలబడతాది. ఫోమ్ లోపల ఉప్పునీళ్ళు నిల్వ ఉండి ఆక్సిజన్ అందకపోతే సందుల్లో నుంచి లోపలికి తినుకుంటూ పోతాది. కాబట్టి స్టాక్ బ్లేడ్‌లోకి దిగే చోట దగ్గరగా కూర్చుని టార్చి వేసి చూడండి. అక్కడ సన్న పగులు, దాంట్లోంచి టీ డికాషన్ రంగులో కారిన మరక ఉందా? బోటు బయటికి తీసి రెండు రోజులైనా అడుగు అంచున చెమ్మ ఊరుతాందా? స్క్రూడ్రైవర్ పిడితో బ్లేడ్ అంతా తట్టుకుంటూ పోండి, గట్టి శబ్దం ఉన్నట్టుండి బోలుగా మారితే ఆడ పెంకు ఫోమ్ నుంచి విడిపోయింది. ఓనరు ఒప్పుకుంటే అడుగున 5 మిల్లీ రంధ్రం వేయించండి. ఊరికే నీళ్ళు వస్తే ఆరబెట్టి మూసేయొచ్చు, ఎర్రగా తుప్పు నీళ్ళు వస్తే బ్లేడ్ విప్పాల్సిందే. రంధ్రం వద్దని ఓనరు శానా గట్టిగా అంటే, ఆ మాటకి ఒక ధర ఉంటాది, తగ్గించి మాట్లాడండి.

లోపలికి పోయి కింది బేరింగ్ చుట్టూ హల్ చూడండి. నక్షత్రం మాదిరి పగుళ్ళు ఉంటే చుక్కానికి ఎప్పుడో గట్టి దెబ్బ తగిలింది. క్వాడ్రంట్ (స్టాక్‌కి బిగించి, వీల్ కేబుళ్ళు గుంజే చక్రం ముక్క) బోల్టులు, స్టాక్‌లో కీ గాడి, కేబుళ్ళు కూడా చూడండి. కార్బన్ స్టాక్‌కి అల్యూమినియం క్వాడ్రంట్ నేరుగా తగిలి ఉంటే అల్యూమినియం మీద తెల్ల పొడి కట్టి ఉంటాది, ఉప్పుగాలిలో కార్బన్ దాన్ని తినేస్తాది.

కొత్త స్టాక్ కావాల్సొస్తే మన ఊర్లో లేత్ మీద తీయించుకోవచ్చా అని అడుగుతారు. తీయించుకోవచ్చు, మన కర్నూలు, అనంతపురం లేత్ మేస్త్రీల చేతిపని గురించి నాకే అనుమానమూ లేదు. అనుమానం మెటీరియల్ మీదే. 304కీ 316కీ కంటితో తేడా తెలీదు, అయస్కాంతం పెట్టినా తెలీదు, కాబట్టి మిల్లు సర్టిఫికెట్ ఉన్న రాడ్డే కొనండి, వెల్డింగ్ ఉంటే 316ఎల్ అడగండి. కింది బేరింగ్ దగ్గర వెల్డింగ్ అస్సలు వద్దు, ఎక్కువ భారం పడేదే ఆడ. ఇంకోటి, వంగిన స్టాక్‌ని ప్రెస్ కింద పెట్టి నిటారు చేసి ఇస్తామంటే ఒప్పుకోవద్దు. ఒకసారి వంగిందంటే అది హద్దు దాటేసింది.

ఐదో పని: నీళ్ళలో నడిపి చూడండి

గాలి 12, 15 నాట్స్ ఉన్న రోజు చూసుకోండి, గాలి లేని రోజు అన్ని చుక్కానులూ మంచివే. చుక్కాని నేరుగా ఉన్నప్పుడు వీల్‌కి పైన వచ్చే చోట టేపు చుట్టండి. గాలికి ఎదురుగా వీలైనంత దగ్గరగా నడుపుతా చూడండి. బోటు గాలివైపు తిరగాలని కొంచెం లాగుతాది, అది వెదర్ హెల్మ్, 3 నుంచి 5 డిగ్రీల చుక్కాని పెడితే సూటిగా పోతాందంటే బాగుంది. పది డిగ్రీలు పెట్టినా ఆగట్లేదంటే వెంటనే చుక్కానిని తిట్టొద్దు, తెరచాప ఎక్కువైంది, మెయిన్ (పెద్ద తెరచాప) తగ్గించి, బోటుని నిటారు చేసి మళ్ళా చూడండి. అప్పటికీ లాగుతాంటేనే డిజైన్ మీద అనుమానపడాల.

గాలి ఉన్నట్టుండి పెరిగి బోటు బాగా ఒరిగినప్పుడు చేతిలో టిల్లర్ ఒక్కసారి బరువెక్కి, తర్వాత బోటు మాట వినకుండా గాలివైపు తిరిగిపోవడం జరుగుతాది. చుక్కాని స్టాల్ అయినప్పుడు ఒత్తిడి బ్లేడ్ మధ్యకి జరుగుతాది కాబట్టి ముందు ఆ బరువు వస్తాది, పిల్లకాలువలో చూసినదే ఇది. అప్పుడు అందరూ చేసేది టిల్లర్‌ని ఇంకా గట్టిగా గుంజడం. దానివల్ల లాభం లేదు. మెయిన్ షీట్ (పెద్ద తెరచాపని పట్టే తాడు) వదలండి, టిల్లర్‌ని ఒక్క క్షణం మధ్యకి తీసుకురండి, నీళ్ళు మళ్ళా బ్లేడ్‌ని పట్టుకుంటాయి, అప్పుడు నిమ్మళంగా తిప్పండి.

రివర్స్ కూడా చూడండి, నిదానంగా. వెనక్కి పోయేటప్పుడు నీళ్ళు వెనక అంచు నుంచి వస్తాయి కాబట్టి బ్యాలెన్స్ తలకిందులవుతాది, వీల్ వదిలేస్తే బ్లేడ్ టపీమని స్టాపుకి పోయి కొట్టుకుంటాది. ఆ ఒక్క దెబ్బకే క్వాడ్రంట్ పగలొచ్చు, చేయి విరగొచ్చు. రెండు చేతులతో పట్టుకోండి, చువ్వల మధ్యలో వేళ్ళు పెట్టొద్దు.

ఆరో పని: చుక్కాని లేకపోతే ఏం చేస్తారు

2018లో మన నేవీ ఆడపిల్లలు ఆరుగురు ఐఎన్ఎస్‌వీ తారిణి మీద ప్రపంచం చుట్టి వస్తాంటే, వాళ్ళల్లో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య మన తెలుగోళ్ళే, చివరి దశలో స్టీరింగ్ పాడై మారిషస్ పోర్ట్ లూయిస్‌లో ఆగి బాగుచేసుకుని గోవా చేరినారు. అంత శిక్షణ, అంత మంచి బోటు ఉన్నోళ్ళకే వచ్చింది, మనకి రాదనుకోవడం దేనికి. దూరం రేసుల రూల్స్‌లో చుక్కాని లేకుండా బోటుని నడిపే మార్గం ఒకటి ముందే చూపించాలని అడుగుతారు, రేసు లేకపోయినా మీరు ఆ ఏర్పాటు చేసుకోండి.

ముందు లోపల చూడాల్సింది, స్టాక్ చుట్టూ ఉండే ట్యూబు నీటిమట్టం పైదాకా వచ్చిందా లేదా. స్పేడ్ స్టాక్ వంగి కింది బేరింగ్ పగిలితే చుక్కాని పోవడంతో ఆగదు, బోటులోకి నీళ్ళు వస్తాయి. స్టాక్ ఉండే గదికీ కేబిన్‌కీ మధ్య నీళ్ళు దాటని గోడ ఉంటే మేలు, దాంట్లో వైర్ల కోసం ఎవడో వేసిన రంధ్రాలు మూసి ఉన్నాయా చూడండి, ఎక్కువ బోట్లలో మూసి ఉండవు.

ఇక నడపడానికి, స్పిన్నేకర్ (ముందు కట్టే బుడగ తెరచాప) కర్రకి పలక కట్టి తెడ్డు మాదిరి వాడమని శానామంది చెప్తారు. మన తుంగభద్ర పుట్టికి తెడ్డు చాలు కానీ ఆరేడు టన్నుల బోటుకి, అలల్లో, ఆ కర్రని పట్టుకునే మనిషి ఉండడు. దానికంటే డ్రోగ్ మేలు. గుడ్డతో చేసిన గరాటు లాంటిది, వెనక రెండు మూలల నుంచి రెండు తాళ్ళు కట్టి నీళ్ళలోకి వదులుతారు, కుడి తాడు గుంజితే బోటు కుడికి, ఎడమ గుంజితే ఎడమకి. ముందు తెరచాప కొంచెం, మెయిన్ ఇంకా తక్కువ పెట్టుకోవాల. కొన్న తర్వాత మొదటి నెలలోనే, గాలి పది నాట్స్ ఉన్న రోజు, రేవుకి దూరంగా ఖాళీ నీళ్ళలో వీల్‌ని మధ్యలో తాడుతో కట్టేసి డ్రోగ్ ఒక్కదానితో బోటుని తిప్పి చూడండి. తాళ్ళు ఎంత పొడవు కావాలో, ఏ వించ్‌కి (తాళ్ళు గుంజే డ్రమ్ముకి) చుట్టాలో, ఇద్దరితో అయితాదో ముగ్గురు కావాలో అప్పుడే తెలుస్తాది. ఆ పొడవు దగ్గర తాడుకి రంగు దారం కట్టి పెట్టుకోండి, రాత్రి పూట వెతుక్కునే పని లేకుండా.